డిమెన్షియా ఉన్న మనిషిని కుర్చీలోంచి లేపడం ఎలా: ఇంట్లో రోజూ చేయించే వ్యాయామం

మా అమ్మకి డిమెన్షియా అని తేలిన కొత్తలో నేను 12 వ్యాయామాలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకి అంటించాను. అమ్మ రోజూ ఆ కాగితాన్ని పైనుంచి కింది దాకా చదివేది, "బాగా రాశావు" అనేది, వెళ్లి మళ్లీ కుర్చీలో కూర్చునేది. నాకు ఒళ్లు మండేది. చదవడం వచ్చు, చేతులు లేస్తాయి, కాళ్లు బాగానే ఉన్నాయి, మరి చేయడానికి ఏం రోగం అనుకునేదాన్ని. ఆ రోగమే అది అని తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఏ పనికైనా 'మొదలుపెట్టడం' అని ఒక మెట్టు ఉంటుంది, మనకి అది ఉందని కూడా తెలియదు, డిమెన్షియాలో అది చాలామందికి తొందరగానే సడలిపోతుంది. డాక్టర్లు దీన్ని ఏపథీ అంటారు. డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం అల్జీమర్స్, దాంట్లో బాగా ఎక్కువగా కనిపించే లక్షణాల్లో ఇదొకటి. చూసేవాళ్లకి మాత్రం బద్ధకంలా, మొండితనంలా కనిపిస్తుంది.

కాబట్టి "లేచి కాసేపు నడువు" అని వంటగదిలోంచి కేకేసి చెప్పడం మానేయండి. మొదలుపెట్టడం మీ పని, కొనసాగించడం వాళ్ల పని. ఈ కింద రాసినదంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ముందు ఏం ఆశించాలో తేల్చుకోండి

వ్యాయామంతో జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. బ్రిటన్‌లో డాపా అనే అధ్యయనం జరిగింది, 2018లో ఫలితాలు వచ్చాయి. తొలి, మధ్య దశల డిమెన్షియా ఉన్న 494 మందిని తీసుకుని, అందులో ఎక్కువమందితో నాలుగు నెలల పాటు గట్టి వ్యాయామమే చేయించారు. ఒంట్లో సత్తువ పెరిగింది గానీ మతిమరుపు ముదరడం మాత్రం ఆగలేదు. ఫిన్లాండ్‌లో జరిగిన ఇంకో అధ్యయనం 2013లో వెలువడింది, అందులో అల్జీమర్స్‌తో సొంత ఇళ్లలో ఉంటున్న 210 మంది ఉన్నారు. వాళ్లలో కొందరికి ఏడాది పాటు, వారానికి 2 సార్లు, గంట చొప్పున ఫిజియోథెరపిస్టు ఇంటికే వచ్చి చేయించాడు. స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి సొంత పనులు చేసుకునే శక్తి వాళ్లకి మిగతావాళ్లంత వేగంగా తగ్గలేదు, కిందపడటం కూడా తగ్గింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాక నా లెక్క చాలా చిన్నదైపోయింది: అమ్మ కుర్చీలోంచి, మంచం మీంచి, టాయిలెట్ మీంచి తనంతట తాను లేవాలి, అంతే. ఎందుకంటే ఆ శక్తి పోయిన రోజు నుంచి ప్రతి పనికీ ఇంకో మనిషి కావాలి. నిద్ర కాస్త బాగా పట్టడం, సాయంత్రం చిరాకు తగ్గడం, మలబద్ధకం తగ్గడం లాంటివి వస్తే అదంతా కలిసొచ్చిన లాభం.

డాక్టర్ని ఏం అడగాలి

"వ్యాయామం చేయించొచ్చా డాక్టర్?" అని అడిగితే "చేయించండి, మంచిదే" అని ఒక్క ముక్కలో పంపేస్తారు. అలా కాకుండా విడివిడిగా అడగండి.

పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకి బీపీ చూడమనండి. పై నంబరు 20 గానీ, కింది నంబరు 10 గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడిపోతుంటే లేవగానే కళ్లు బైర్లు కమ్మి పడిపోయే ప్రమాదం ఉంది. లూయీ బాడీ డిమెన్షియా (మతిమరుపుతో పాటు నడక, కదలిక కూడా దెబ్బతినే రకం) ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. అలాంటివాళ్లని మంచం మీంచి లేపేటప్పుడు ముందు మంచం అంచున కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడేసి, పాదాలు పైకీ కిందికీ ఆడించి, ఒకటి రెండు నిమిషాలు ఆగాకే నిలబెట్టాలి.

తర్వాత మందులు. డోనెపెజిల్, రివాస్టిగ్‌మిన్ లాంటి మతిమరుపు మందులు కొందరిలో గుండె వేగాన్ని తగ్గిస్తాయి, స్పృహ తప్పడం కూడా ఉంటుంది. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మందులు, బీపీ మాత్రలు తూలుడు తెస్తాయి. మొత్తం మందుల సంచి పట్టుకెళ్లి "వీటిలో దేనివల్ల పడిపోయే ప్రమాదం ఉంది, ఏ టైములో జాగ్రత్తగా ఉండాలి" అని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి.

ఇక కళ్లజోడు నంబరు, చెవులు, కాలిగోళ్లు, మోకాళ్ల నొప్పి. కాలిగోళ్లని నేను ఊరికే రాయలేదు. పెరిగి లోపలికి గుచ్చుకుంటున్న గోరు ఒక్కటి చాలు, మనిషి నడవనని మొరాయించడానికి. నొప్పి ఉందని వాళ్లు చెప్పలేకపోవచ్చు. "నొప్పిగా ఉందా?" అంటే "లేదు" అంటారు, కానీ ఆ మోకాలు వంచగానే నుదురు ముడుస్తారు, మీ చెయ్యి తోసేస్తారు. మాట కన్నా ముఖాన్నే నమ్మండి.

వీలైతే ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టు చేత నడక చూపించండి. చేతికర్ర కావాలా, వాకర్ కావాలా, ఎంత ఎత్తులో ఉండాలి అన్నది ఆయన తేలుస్తాడు. ఇంట్లో ఎవరిదో పాత కర్ర ఉంది కదా అని చేతికివ్వకండి. అన్నట్టు, జబ్బు బాగా ముదిరాక కొత్తగా వాకర్ ఇస్తే దాన్ని ఎలా వాడాలో గుర్తుండదు, ఎత్తుకుని నడుస్తారు. ఇచ్చేదేదో ముందే ఇవ్వాలి.

గది సర్దుకోండి

దీనికి ఒక పూట చాలు. డిమెన్షియాలో కళ్లు బాగున్నా చూసినదాన్ని మెదడు అర్థం చేసుకునే తీరు మారుతుంది. నల్లటి కాలిపట్టా గొయ్యిలా కనిపిస్తుంది, మెరిసే నేల తడిగా కనిపిస్తుంది. అమ్మ ఒక గుమ్మం దగ్గరికి రాగానే ఆగిపోయేది, ఎంత బతిమాలినా దాటేది కాదు. అక్కడున్న ముదురురంగు పట్టా తీసేసిన రోజున మామూలుగా నడిచి వెళ్లిపోయింది! అన్ని రోజులూ ఆమెకి అక్కడ గొయ్యి కనిపిస్తుంటే నేను దూకమంటున్నానన్నమాట.

జారే పట్టాలు, వైర్లు, కాళ్లకి తగిలే చిన్న స్టూళ్లు తీసేయండి. వెలుతురు పెంచండి, ముఖ్యంగా మంచం నుంచి టాయిలెట్ దాకా. చెప్పులు మడమ వెనక పట్టీ ఉన్నవి, అడుగు పట్టు ఉన్నవి వేయండి. సాక్సులతో నున్నటి నేల మీద నడిపించకండి. చేతులున్న, కదలని, చక్రాల్లేని కుర్చీ ఒకటి చూసి పెట్టుకోండి. కూర్చుంటే పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్ల కన్నా తుంటి కాస్త ఎత్తులో ఉంటే లేవడం తేలిక. మెత్తటి సోఫా వద్దు, దాంట్లోంచి లేవడం మనకే కష్టం.

టీవీ ఆపేయండి. ఇది చిన్న విషయమే, కానీ నాకు టీవీ ఆపిన రోజుకీ ఆపని రోజుకీ సగానికి సగం తేడా కనిపించేది.

పిలవడం ఎలా

అసలు కష్టమంతా ఇక్కడే.

వెనక నుంచి, పక్క నుంచి రాకండి. డిమెన్షియాలో వాళ్లు గమనించే మేర కుంచించుకుపోతుంది కాబట్టి పక్క నుంచి వచ్చే చెయ్యి ఎక్కడో గాల్లోంచి ఊడిపడినట్టు ఉంటుంది, ఉలిక్కిపడతారు, ఒక్కోసారి కొడతారు కూడా. ఎదురుగా, నెమ్మదిగా రండి, వాళ్ల కళ్ల ఎత్తుకి వంగండి లేదా కూర్చోండి, పేరో వరసో పెట్టి పిలవండి, వాళ్లు మిమ్మల్ని చూశాకే చెయ్యి చాపండి. వాళ్ల చెయ్యి మీ అరచేతిలో పెట్టే దాకా ఆగండి. లాక్కోవద్దు. చెయ్యి చాపితే చెయ్యి కలపడం చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటు, అది చాలాకాలం పోదు.

"వ్యాయామం" అనే మాట వాడకండి. "అమ్మా, వ్యాయామం టైమైంది" అంటే అమ్మ "నాకేం, బాగానే ఉన్నానుగా" అనేది. "అమ్మా, కిటికీ దాకా రా, బయట ఏదో చప్పుడవుతోంది" అంటే లేచేది. అబద్ధాలు చెప్పమని నేను అనట్లేదు, వెళ్లడానికి ఒక కారణం ఇమ్మంటున్నాను. మా నాన్న అయితే సాయం అడిగితే కరిగిపోయే మనిషి, ఆయనకి డిమెన్షియా లేదు గానీ "నాన్నా, ఒక చెయ్యి వెయ్యి" అంటే చాలు, ఎక్కడున్నా లేచి వస్తాడు. ఆ మాట అమ్మ మీద ప్రయోగించి చూస్తే ఆమెకీ పనిచేసింది.

ఒక్కసారికి ఒక్క మాటే చెప్పండి. "లేచి, అటు తిరిగి, ఆ కుర్చీ పట్టుకుని నిలబడు" అన్నది మనకి ఒక వాక్యం, వాళ్లకి నాలుగు పనులు, నాలుగోది వినేసరికి మొదటిది పోతుంది. "పాదాలు వెనక్కి." ఆగండి. మనసులో 10 దాకా లెక్కపెట్టండి, నిజంగానే లెక్కపెట్టండి, ఎందుకంటే ఆ మాట లోపలికి వెళ్లి కాలికి చేరడానికి అంత టైము పడుతుంది, మనం 3 అంకెలకే రెట్టించి చెబుతాం, అప్పుడు వాళ్లకి అది ఇంకో కొత్త మాట అయిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

చెప్పడం కన్నా చేసి చూపించడం మేలు. మీరు ఎదురు కుర్చీలో కూర్చుని చెయ్యి ఎత్తితే వాళ్లూ ఎత్తుతారు. అద్దంలో బొమ్మలాగా చేస్తారు కాబట్టి వాళ్ల కుడిచెయ్యి కావాలంటే మీరు ఎడమచెయ్యి ఎత్తండి. "కుడి, ఎడమ" అనే మాటలే వద్దు.

కుర్చీలోంచి లేవడం: రోజుకి ఈ ఒక్కటి చేయించినా చాలు

తొడలకి, తుంటికి ఇంతకన్నా పనికొచ్చే వ్యాయామం ఇంట్లో ఇంకోటి లేదని నా అభిప్రాయం. పైగా ఇది వాళ్లకి వచ్చిన పనే, కొత్తగా నేర్పక్కర్లేదు. కొత్తవి గుర్తుపెట్టుకునే భాగం దెబ్బతిన్నా, ఒంటికి అలవాటైన పనుల జ్ఞాపకం మెదడులో వేరే చోట్ల ఉంటుంది, అల్జీమర్స్‌లో అది చాలాకాలం నిలుస్తుంది. పేర్లు మర్చిపోయిన మనిషి బంతి విసిరితే పట్టుకోవడం, పాట వస్తే కాలు ఆడించడం అందుకే.

కుర్చీని గోడకి ఆనించండి. మీరు కాస్త పక్కకి, ఎదురుగా ఉండండి. ముందు తుంటిని కుర్చీ అంచుకి జరపాలి, ఇది మర్చిపోయే చాలామంది లేవలేకపోతారు. తర్వాత పాదాలు మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి, రెండింటి మధ్య జానెడు ఎడంతో. చేతులు కుర్చీ చేతుల మీద. ఇప్పుడు ముందుకి వంగాలి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా. వాళ్లకి ఇది భయం, ముందుకి పడిపోతామనిపిస్తుంది, అందుకే వెనక్కి వాలి లేవాలని చూస్తారు, అలా ఎవరూ లేవలేరు. మీరు ఎదురుగా కాస్త కిందుగా ఒక వస్తువు పట్టుకుని "ఇది అందుకో" అంటే ఒళ్లు దానంతటదే వంగుతుంది. ఒకటి, రెండు, మూడు అని లయగా అని లేపండి. నిలబడ్డాక ఒక్క క్షణం ఆగాలి, తర్వాత కుర్చీ పిక్కలకి తగిలిందని తెలిశాకే నెమ్మదిగా కూర్చోవాలి. దబ్బున కూలబడనివ్వకండి, నెమ్మదిగా కూర్చోవడంలోనే తొడలకి సగం పని ఉంది.

మొదట్లో 3 సార్లు చాలు. రోజులో 3 పూటలా 3 సార్లు చేస్తే 9 అయ్యాయి కదా. తేలికైతే 5కి పెంచండి. పూటకి 8 నుంచి 10 దాకా వస్తే చాలా బాగున్నట్టు. లెక్క పెరిగాక కుర్చీ చేతుల మీద వేసే బరువు తగ్గించమనండి, అంతే గానీ బరువులు కొనకండి.

చంకల్లో చేతులేసి, చేతులు పట్టుకుని లాగి లేపకండి. వయసైనవాళ్ల భుజం కీలు చాలా సున్నితం, లాగితే జారిపోవచ్చు, మీ నడుమూ పట్టేస్తుంది. లాగినకొద్దీ వాళ్లు వెనక్కి బిగుసుకుంటారు కూడా. సాయం కావాలంటే నడుముకి కట్టే వెడల్పాటి బెల్టు దొరుకుతుంది, దాన్ని పట్టుకోవడం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

నడక

నడవగలిగినవాళ్లని రోజూ నడిపించండి. బయటికైతే ఇంకా మంచిది, పగటి వెలుగు కంట్లో పడితే రాత్రి నిద్ర కాస్త గాడిలో పడుతుంది. రోజూ ఒకే దారి, ఒకే టైము. మనకి విసుగ్గా ఉంటుంది, వాళ్లకి అదే ధైర్యం.

ఒక సంగతి గుర్తుంచుకోండి. 1997లో స్వీడన్ పరిశోధకులు ఒక చిన్న విషయం గమనించారు: నడుస్తూ మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆగిపోయే వృద్ధులు ఆ తర్వాత 6 నెలల్లో ఎక్కువగా కిందపడ్డారు. ఒకేసారి రెండు పనులు మెదడుకి బరువన్నమాట. మీరు నడిపిస్తూ "నిన్న ఎవరొచ్చారో గుర్తుందా?" అని ప్రశ్నలు వేయకండి. మెట్ల దగ్గర, మలుపుల దగ్గర అసలు నోరెత్తకండి. కబుర్లు కూర్చున్నాక చెప్పుకోవచ్చు. పాట మాత్రం పరవాలేదు, లయ అడుగుకి సాయం చేస్తుంది. అడుగు పడక కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేవాళ్లకి, ముఖ్యంగా లూయీ బాడీ రకంలో, "ఎడమ, కుడి" కన్నా చప్పట్లతో తాళం వేయడమో, "ఒకటి, రెండు" అనడమో బాగా పనిచేస్తుంది. ముందుకి లాగకండి, ఆగి, బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి ఊగించి మళ్లీ మొదలుపెట్టండి.

వేగం ఎంత? నడుస్తూ మాట్లాడగలగాలి, పాడటానికి మాత్రం కాస్త ఆయాసం రావాలి అని ఆరోగ్యవంతులకి చెబుతారు. ఇక్కడ మాట్లాడించి పరీక్షించడం కుదరదు కాబట్టి ఒక చోట ఆగి చూసుకోండి: ఒక వాక్యం గుక్కతిప్పుకోకుండా అనగలిగితే సరే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి 150 నిమిషాలకి తగ్గకుండా ఓ మోస్తరు వ్యాయామం, 65 దాటినవాళ్లకి వారానికి 3 రోజులైనా బ్యాలెన్సు, బలం పెంచేవి చేయాలని 2020లో చెప్పింది. ఆ 150 చూసి టెన్షన్ పడకండి. చేయగలిగినంత చేసినా మంచిదేనని, అసలు కదలకపోవడం కన్నా కాస్త కదలడం మేలని కూడా వాళ్లే చెప్పారు. మేం 4 నిమిషాలతో మొదలుపెట్టాం. ఒక్కోసారికి 10 నిమిషాలు దాటింది చాలా అరుదు, కానీ రోజుకి 3, 4 సార్లు అయ్యేది.

ఇంట్లోంచి తనంతట తాను బయటికి వెళ్లిపోయే మనిషైతే జేబులో పేరు, మీ ఫోన్ నంబరు ఉన్న కార్డు పెట్టండి. నడవాలనే కోరికని తలుపు గడియ పెట్టి చంపేయడం కన్నా దానికి రోజూ ఒక టైము ఇవ్వడం మంచిది. ఫ్రంటోటెంపోరల్ రకంలో (మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే డిమెన్షియా) కొందరు ఆగకుండా తిరుగుతూనే ఉంటారు. వాళ్లకి నడక నేర్పక్కర్లేదు, మధ్యలో కూర్చోబెట్టి తిండి, నీళ్లు పెట్టడం, పాదాలు చూడటం మీ పని.

బ్యాలెన్సుకి రెండు మూడు

వంటగట్టు లాంటి కదలని దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి మడమలు ఎత్తడం, దింపడం. అలాగే పట్టుకుని పక్కకి అడుగులు వేస్తూ ఆ చివరికి వెళ్లి రావడం. ఒక కాలి ముందు ఇంకో కాలు పెట్టి 10 లెక్కపెట్టే దాకా నిలబడటం. మీరు పక్కనే, చెయ్యి అందేంత దూరంలో ఉండాలి, వెనక ఒక కుర్చీ ఉండాలి. ఫోన్ మోగినా వెళ్లకండి. నిలబడలేనివాళ్లకి కూర్చునే మోకాలు చాపడం, కాళ్లు మార్చి మార్చి ఎత్తడం, బెలూన్ ఎగరేస్తే కొట్టడం. బెలూన్‌ని తక్కువగా చూడకండి, అది నెమ్మదిగా వస్తుంది కాబట్టి కన్నూ చెయ్యీ కలవడానికి టైము దొరుకుతుంది. పైకి చాచి కొట్టేటప్పుడు నడుము, భుజాలు ఎంత కదులుతాయో మీరే చూస్తారు. ఇవన్నీ పిల్లల ఆటల్లా ఉన్నాయని కొందరు పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అలాంటివాళ్లని బలవంతపెట్టకండి, వాళ్లకి పని ఇవ్వండి.

పని అంటే బట్టలు మడతపెట్టి అలమరలో పై అరలో కొన్ని, కింది అరలో కొన్ని సర్దడం, మొక్కలకి నీళ్లు పోయడం, ఊడవడం, బల్ల తుడవడం. మడత వంకరగా వచ్చినా వాళ్ల ఎదురుగా సరిచేయకండి. అమ్మ మడతపెట్టిన తువ్వాళ్లే రోజూ విప్పి మళ్లీ ఇచ్చేదాన్ని, ఆమెకి అవి కొత్తవే, నాకు ఒక పూట వ్యాయామం. అమ్మ పెళ్లికి ముందు బట్టలు కుట్టేది, గుడ్డ దులిపి పరవడం ఆ చేతులకి ఇంకా గుర్తుంది. మీ మనిషి జీవితమంతా ఏం చేశాడో ఆలోచించండి, అందులోంచే కదలిక తీయండి.

ఏ పూట

మందులు, రాత్రి నిద్ర, మూడ్ ఇవన్నీ చూసి వాళ్లు తేటగా ఉండే వేళ పట్టుకోండి. చాలామందికి అది ఉదయం. సాయంత్రం పొద్దువాలే వేళ కొందరికి అలజడి పెరుగుతుంది, ఆ టైములో కొత్తవి చేయించకండి. కానీ ఆ అలజడి మొదలయ్యే ముందు, మధ్యాహ్నం తర్వాత, కాస్త నడిపిస్తే తగ్గడం నేను చూశాను. తిన్న వెంటనే వద్దు. ముందూ వెనకా నీళ్లు మీరే ఇవ్వండి, దాహం వేసిందని వాళ్లు చెప్పరు. టాయిలెట్‌కి ముందే తీసుకెళ్లండి. మధ్యలో మొరాయించడానికి సగంసార్లు కారణం అదే అయి ఉంటుంది, అడగడానికి మాట దొరకక విసుక్కుంటారు.

వద్దంటే

ఆపేయండి. వాదించకండి, "నీ మంచికే కదా" అనకండి. పావుగంట పోయాక ఇంకో మాటతో రండి. ఇందాక గొడవైన సంగతి వాళ్లకి గుర్తుండకపోవచ్చు గానీ మీ గొంతులోని కోపం వాళ్ల ఒంట్లో ఇంకా ఉంటుంది, కాబట్టి ముందు మీరు చల్లబడండి. ఇంకో మనిషి పిలిస్తే వచ్చేవాళ్లూ ఉంటారు, అందులో మీరు నొచ్చుకోవాల్సింది ఏమీ లేదు. అమ్మ నా మాట వినని రోజున మా అబ్బాయి మాటకి లేచేది. రోజంతా వద్దంటే ఆ రోజుకి సెలవు.

ఎప్పుడు వెంటనే ఆపాలి

ఛాతీలో నొప్పి లేదా పట్టేసినట్టు ఉండటం, మామూలుకి మించిన ఆయాసం, చెమటలు పట్టి ముఖం పాలిపోవడం, కళ్లు తిరగడం, మాట ముద్దగా రావడం, నోరు ఒక పక్కకి లాగడం, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవడం. వీటిలో ఏది కనిపించినా కూర్చోబెట్టి అత్యవసర సాయానికి ఫోన్ చేయండి. వాళ్లు చెప్పలేరు కాబట్టి చెయ్యి ఛాతీ మీదికి పోతోందా, దవడ పట్టుకుంటున్నారా అన్నది మీరు చూడాలి.

కిందపడితే కంగారుగా లేపొద్దు. ముందు పక్కన కూర్చుని ఊపిరి తీసుకోనివ్వండి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగి ఉండొచ్చు, కదిలించకండి. తలకి దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడుతుంటే, పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. దెబ్బలేమీ లేకపోతే ఒక కుర్చీ తెచ్చి ముందు పెట్టండి. పక్కకి తిరగడం, మోకాళ్ల మీదికి రావడం, కుర్చీ పట్టుకుని ఒక పాదం ముందుకి వేయడం, లేవడం. నోటితో చెబితే అర్థం కాదు, మీరే నేల మీదికి దిగి చేసి చూపించండి. పడ్డాక భయంతో నడక మానేస్తారు, మనమూ భయంతో కూర్చోబెట్టేస్తాం. కొన్ని రోజులు కదలకుండా కూర్చుంటేనే వయసైనవాళ్ల కండ కరిగిపోతుంది, అప్పుడు పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. డాక్టర్ సరే అన్న మరుసటి రోజు నుంచే మళ్లీ 3 సార్లతో మొదలుపెట్టండి.

మంచం పట్టాక

అప్పుడు కూడా ఆపకూడదు, పని మాత్రం మీ చేతుల్లోకి వస్తుంది. రోజుకి రెండు పూటలా భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు, తుంటి, మోకాలు, చీలమండ ఒక్కొక్కటీ నెమ్మదిగా వంచి చాపండి, నొప్పి రానంత వరకే. కీలుకి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేయండి. ఈ దశలో మీరు వంచుతుంటే వాళ్ల చెయ్యి ఎదురు తోస్తున్నట్టు బిగుసుకుంటుంది, ఎంత వేగంగా లాగితే అంత గట్టిగా. కావాలని చేస్తున్నారనిపిస్తుంది, కానీ అది జబ్బు లక్షణమే. ఆపి, చెయ్యి అలాగే ఉంచి, సడలేదాకా ఆగి, మళ్లీ కొంచెం. పిడికిలి మూసుకుపోతుంటే మెత్తటి గుడ్డ చుట్టి అరచేతిలో పెట్టండి. పుండ్లు పడకుండా దాదాపు 2 గంటలకోసారి పక్కకి తిప్పడం ఎలాగూ చేయాలి, ఆ టైముకే ఇదీ కలిపితే గుర్తుంటుంది. కూర్చోగలిగినంత కాలం రోజులో కాసేపైనా దిండ్లు ఆనించి కూర్చోబెట్టండి.

ఒక నోటుబుక్కు

వారానికోసారి, ఒకే రోజు, ఒకే కుర్చీ, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో రాసుకోండి. చేతులు ఆనించి లేస్తే ఎప్పుడూ ఆనించే లెక్కపెట్టండి, లేకపోతే పోలిక చెడిపోతుంది. 6 వారాలు గడిచాక ఆ అంకెలు చూడండి. నెమ్మదిగా ఒకటీ అరా తగ్గితే జబ్బుతో పాటు వచ్చేదే అయి ఉండొచ్చు, తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు చూపించండి. కానీ 7 ఉన్నది ఉన్నట్టుండి 2కి పడిపోయి, మనిషి మరీ మగతగానో, మరీ అయోమయంగానో అయిపోతే దాన్ని డిమెన్షియా ఖాతాలో వేసేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, మలబద్ధకం, వీటిలో ఏదైనా అయి ఉండొచ్చు, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. మా ఇంట్లో అమ్మకి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిన సంగతి జ్వరం కన్నా ముందు ఆ నోటుబుక్కే పట్టిచ్చింది.